తేనెపెట్టెల కంచె

త్సావో పార్కులోని ఏనుగులు మా చేలో పడకుండా చుట్టూ తీగకు తేనెపెట్టెలు వేలాడదీశాం. ఏనుగు తీగకు తగిలిందంటే పెట్టెలు ఊగి, తేనెటీగలు లేచి తరిమేస్తాయి.

పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, పెట్టెలన్నీ ఊగకుండా ఎవరో గుంజలకు కట్టేశారు. మొక్కజొన్న ఒక మూలంతా తొక్కేసి ఉంది. పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాను.

"ఏమయ్యా మ్వాకియో! ఎవడో మన మీద పగబట్టాడయ్యా! ఇక ఏడాదంతా ఉగాలీ ముద్దకు పిండెక్కడిది?"

"దిగులు తిందాం. మనింట్లో దానికెప్పుడూ కరువు లేదు," అన్నాడు మా ముసలాయన టీ ఊదుకుంటూ.

"వేళాకోళం చాలు. అవి మేకలకు నువ్వేసే ముడులే. నువ్వేనా కట్టింది?"

"మరేం చెయ్యను? మొన్న గున్న ఏనుగు తొండం మీద కుట్టించుకుని ఏడుస్తూ పోయింది. అప్పట్నుంచి 'పాపం, వాచిందేమో, పాలెలా తాగుతుందో' అని రాత్రంతా నన్ను లేపుతూనే ఉన్నావు."

"మరి మన మొక్కజొన్నో?"

"దానికైతే నువ్వు పగలే ఏడుస్తావే. రాత్రి నన్ను పడుకోనిస్తావు."

మా ఆయన్ని తిట్టుకుంటూ కంచె దగ్గరికి వెళ్లాను. ఆయన ముడుల్ని నమ్మలేం, ఎక్కడ ఊడిపోతాయోనని ఒక్కొక్కటీ మళ్లీ బిగించి వచ్చాను.