అర నిమిషం వెనక

"వచ్చాడు! ఇంకొకడొచ్చాడు!"

పక్కింట్లో చప్పట్లు మోగాయి. తల్లి ఉలిక్కిపడి తన టీవీలోకి చూసింది. అక్కడ గని నోటి దగ్గర వాన పడుతోంది. ఇనుప తాడు మెల్లగా చక్రానికి చుట్టుకుంటోంది. మనుషుల్ని తెచ్చే తొట్టి ఇంకా పైకి రానేలేదు.

"అదే ఛానెలు కదే? వాళ్ళకి ముందెలా తెలుస్తోంది?" అని కోడలిని అడిగింది.

"వాళ్ళది పాత యాంటెన్నా అత్తయ్యా. బొమ్మ గాలిలో నేరుగా వచ్చేస్తుంది. మనది ఇంటర్నెట్ తీగలో వస్తుంది. బొమ్మని ముక్కలు ముక్కలు చేసి పంపిస్తారట. టీవీ పక్కనున్న మన పెట్టె ఆ ముక్కలన్నీ పోగేసి, వరసపెట్టి, అతికించి చూపిస్తుందట. అందుకే అర నిమిషం వెనక."

"ఎవరు చెప్పారే నీకిదంతా?"

"ఇంకెవరు, మీ అబ్బాయే."

తల్లి మూతి తిప్పింది. "ఔను, ఫోనూ టీవీ ఇంటర్నెట్టూ అన్నిటికీ ఒక్క తీగ చాలమ్మా అని వాడేగా పెట్టించింది! ఆట చూస్తున్నప్పుడు 'ఇప్పుడు గోల్ పడుతుంది చూడు' అనేవాడు. పడేది. నా కొడుక్కి ఎంత తెలివో అని మురిసిపోయేదాన్ని. పక్కింటి అరుపులు విని చెప్పేవాడన్నమాట, దొంగ వెధవ!"

కోడలు నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది.

టీవీలో తొట్టి పైకొచ్చింది. దుప్పటి కప్పి ఒక మనిషిని దించారు. మొహమంతా నల్లగా ఉంది గానీ, బాగా పొడుగు. తమవాడు కాదు. తల్లి బిగబట్టిన ఊపిరి వదిలింది. ప్రతిసారీ ఇదే వరస. ముందు గోడవతల చప్పట్లు, తరవాత ఇక్కడ మనిషి.

"లోపల చిక్కుకున్న ఐదుగురిలో నలుగురు క్షేమంగా బయటపడ్డారు. ఇక మిగిలింది ఒక్కరే" అంది టీవీలో అమ్మాయి.

తల్లి లేచి, వాచిన మోకాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళి గోడ మీద దబదబా బాదింది.

"ఏమమ్మోయ్! ఈసారి వచ్చేది మావాడు. నువ్వు అరిచి చెప్పకు. నా కొడుకుని నా కళ్ళతో నేనే ముందు చూసుకోవాలి!"

"సరే వదినా! మీవాడి వంతుకి నోట్లో గుడ్డలు కుక్కుకుంటాలే!" అంది గోడవతలి గొంతు. వీధి చివరిదాకా వినిపించే గొంతు అది.

అంతలో ఫోను మోగింది. కోడలి అన్న, గని గేటు దగ్గర్నుంచి. "పోలీసులు దగ్గరికి పోనివ్వట్లేదే. ఇక్కడ గొడుగులు తప్ప ఏం కనపడట్లేదు. మీ పనే నయం, ఇంట్లో కూచుని చూస్తున్నారు. పెద్దావిడికి ధైర్యం చెప్పు."

"ఆవిడే నాకు చెబుతోంది అన్నయ్యా" అని ఫోను పెట్టేసింది కోడలు.

ఖాళీ తొట్టి కిందికి దిగింది. చాలాసేపు తాడు కదల్లేదు. టీవీలో అమ్మాయి చెప్పిందే చెప్పింది. చివరికి చక్రం తిరగడం మొదలుపెట్టింది. అత్తా కోడలూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

పక్కింట్లో ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది.

"చూశావా, మాట నిలబెట్టుకుంది" అంది తల్లి. "నోరు పెద్దదే గానీ మనసు వెన్న. అదిగో, తాడు చూడు. వస్తున్నాడు. నీళ్ళు కాచి పెట్టాలే, ఒళ్ళంతా బొగ్గే ఉంటుంది..."

టీవీలో బొమ్మ ఆరిపోయింది.

కోడలు పరుగున వెళ్ళి పెట్టెను చూసింది. ఆకుపచ్చ దీపం ఎర్రగా మారింది. ఫోను ఎత్తింది. చిన్న చప్పుడు కూడా లేదు. ఆ లోయలో సిగ్నల్ అందక సెల్‌ఫోను కూడా ఇంట్లో ఆ పెట్టె మీదే పలికేది. అదీ మూగబోయింది.

"అన్నీ పోయాయి అత్తయ్యా!"

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడే చావాలా దీనికి! వాడు మొహం చూపించే సమయానికి! ఈ కంపెనీవాళ్ళ నోట్లో మన్ను పడ!" తల్లి చెంగు నడుముకి దోపింది. "పద, పక్కింటికి పోదాం. వాళ్ళ పాతదే నయం."

"ఈపాటికి తీసేసి ఉంటారు అత్తయ్యా."

"తీస్తే తీశారు. తీసిందే మళ్ళీ మళ్ళీ చూపిస్తారు. పదవే!"

తలుపు తీసేసరికి పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. పరిగెత్తినట్టు ఎగశ్వాస తీస్తోంది.

"మా టీవీ పోయిందే. మీ ఇంట్లో చూస్తాం, జరుగు" అంది తల్లి.

ఆవిడ జరగలేదు.

"మాదీ పోయింది వదినా." ఆ గొంతు అంత నెమ్మదిగా పలకడం తల్లి ఎన్నడూ వినలేదు.

"అబద్ధం! మీ కిటికీలో నీలం వెలుగు కదులుతూనే ఉందిగా. ఏమిటే, ఇందాక గోడ బాదాననా? కోపం తరవాత చూపిద్దువుగానీ. నా కొడుకు బయటికొచ్చాడే! ఒక్కసారి నా కళ్ళతో చూసుకోనీ!"

"వద్దొదినా. నీ కళ్ళతో వద్దు."

తల్లి తోసుకుని ముందుకు రాబోయి తూలింది. ఆమెను పట్టుకోవడానికి పక్కింటావిడ చప్పున చేతులు ముందుకు చాపింది. కుడిచేతిలో కత్తెర ఉంది. ఎడమచేతిలో, వీళ్ళ వరండా గోడ మీంచి అప్పుడే తెంపిన నల్ల తీగ.