ఎడమకి వాలిన నీళ్లు

మార్చి 9, గురువారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, వంట ముగించాను, కిటికీలు తుడిచాను. పదకొండింటికి ఫొటోలు పట్టుకుని స్టూడియో అక్క దగ్గరికి వెళ్లాను. మూడు నెలలుగా నేను తీసిన కొండల్లో, నీళ్లల్లో తప్పులు చూపించి దిద్దుతున్నది ఆవిడే.

"ముందర రాయి పెట్టావు, బాగుంది. కానీ నీళ్లు మళ్లీ ఎడమకి వాలాయేం తల్లీ? ఇంకాసేపుంటే నా బల్లంతా తడిసేలా ఉంది!"

ఇద్దరం నవ్వుకున్నాం. వెనక నేను వేసిన తేదీలు చూసి, ఆమె ఫొటోలన్నీ వరసగా పేర్చింది. మొదటివి తిన్నగానే ఉన్నాయి.

"జనవరి పన్నెండు నుంచి నీ కుడిచెయ్యి దిగిపోతోంది. ఎందుకని?"

"ఆ ముందురోజు మా ఆయన నా వేళ్లు తలుపుసందులో పెట్టి నొక్కారు."

ఆమె చేతిలో పెన్సిల్ కింద పెట్టింది. "ఫిబ్రవరి మూడున?"

"కూరలో ఉప్పెక్కువైందని మణికట్టు మెలిపెట్టారు."

"ఇరవయ్యిన?"

"ఇస్త్రీపెట్టె విసిరారు. మోచేతికి తగిలింది."

ఆమె వరస చివరనున్న నిన్నటి ఫొటో తీసి వెలుగులో పట్టుకుంది. నీటి అంచు స్కేలు పెట్టి గీసినట్టుంది.

"ఇది మాత్రం ఇంత తిన్నగా ఎలా వచ్చిందే? నేనిచ్చిన కెమెరా స్టాండు మీద పెట్టి తీశావా?"

"అవునక్కా. కాకపోతే నిన్న పొద్దున ఆయన బెల్టు తీశారు. ఆ స్టాండే తిరగేసి నెత్తిన ఒక్కటిచ్చాను. ఆరు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలో చేర్పించి, చెరువు గట్టు మీదికి వెళ్లి ఇది తీశాను. పాత బాకీ చెల్లు."

"మళ్లీ ఇంటికొస్తేనో?"

"స్టాండు ఇంకొన్నాళ్లు నా దగ్గరే ఉంచుకోనా అక్కా?"