ఎండ చూడని లంగా

మూడేళ్ళుగా ఆడవాళ్ళ లోలంగాలన్నీ ఒక కొత్తరకం గుడ్డతోనే కుడుతున్నారు. గర్భసంచిలో ఏ జన్యువైనా దారి తప్పి, క్యాన్సర్ వైపు మళ్ళి అరిచిందంటే ఆ గుడ్డ వింటుంది. ఉతికి ఆరేస్తే, ఎండ తగలగానే నీలం తిరుగుతుంది. తెల్లగా ఆరితే భయం లేదు.

మా అత్తగారు నాంచారమ్మగారివి ఎప్పుడూ తెల్లగానే ఆరేవి.

ఇవాళ డాబా మీద గాలికి దండెం మీది ఆవిడ చీర పైకి లేచింది. దాని కింద దాచి ఆరేసిన లోలంగా మీద ఎండ పడింది. నేను చూస్తూండగానే, తెల్లవారేటప్పటి ఆకాశం రంగు అంచు నుంచి మెల్లగా పైకి పాకింది. కలలోలా ఉంది. కళ్ళు తిప్పుకోలేకపోయాను.

“మూడేళ్ళుగా చీర కిందే ఆరేస్తున్నారా అత్తయ్యా?” కోపంగా అడిగాను.

“నలుగురూ తిరిగే డాబా. లంగా పైకి కనబడేలా ఎలా ఆరేస్తానే?” అని ఆవిడ ఆ నీలాన్ని వేలితో నిమిరారు. “ముదిరిపోయిందంటావా?”

“లేదు, ఇంకా లేత రంగే. ఆ జన్యువుని నిద్రపుచ్చే మందు చుక్కలున్నాయి. రేపే ఆస్పత్రికి వెళదాం.”

ఆవిడ చీర తీసి భుజాన వేసుకున్నారు. లంగాని అలాగే ఎండకి వదిలేశారు.

బట్టలు తియ్యడానికి వచ్చిన పక్కింటి శేషారత్నంగారు దాన్ని చూసి ఆగిపోయారు. దండెం మీది తన చీర అంచుని భయంభయంగా పైకెత్తారు.