పౌలు చేనులోని ఎముకలు

“బొక్కల జోలికి రాకుండ్రి! కొడితే నన్ను కొట్టుండ్రి!”

పౌలు చేతులు బార్లా చాపి ఎముకలు పెట్టిన బల్లకు అడ్డంగా నిలబడ్డాడు. భూపాలపల్లి చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరంలోకి ముఖాలకు రుమాళ్లు కట్టుకున్న నలుగురు దూసుకొచ్చారు. ఒకడు టెంటు గుంజలు పీకాడు. మరొకడు ‘రాష్ట్ర ప్రకృతి చరిత్ర మ్యూజియం సాధన సమితి’ అన్న బ్యానర్‌ను నిలువునా చించేశాడు. మిగతా ఇద్దరి కర్రలు పౌలు వీపు మీద, భుజాల మీద పడుతున్నాయి. పౌలుతో పాటు దీక్షకు కూర్చున్న స్రవంతి అరుస్తూ అడ్డుపోతే ఒకడు ఆమెను పక్కకు నెట్టేశాడు. ఆ అరుపుకు పౌలు తల తిప్పాడు. భుజం మీద పడాల్సిన కర్ర ఎడమ కంట్లో దిగింది.

రక్తం చిమ్మింది. వచ్చినవాళ్లు కర్రలు పారేసి పరుగు తీశారు. పౌలు బల్ల కాలు పట్టుకుని కూలిపోయాడు.

“మేడం, బొక్కలు పైలమేనా?”

“పైలమే అన్నా, పైలమే!” స్రవంతి తన చున్నీని అతని కంటికి అదిమి పట్టింది. అది క్షణాల్లో తడిసిపోయింది.

ఆ రాక్షసబల్లి ఎముకలు మొగుళ్లపల్లి దగ్గర పౌలు చేనులో బావి తవ్వుతుంటే బయటపడ్డవి. మహబూబాబాద్ కాలేజీలో జువాలజీ చెప్పే స్రవంతి వాటిని చూసి ఎండలో అక్కడే కూర్చుండిపోయింది. ఇట్లాంటివి దొరికిన ప్రతిసారీ పెట్టెల్లో ఎక్కడికో తరలిపోతున్నాయనీ, ఇక్కడే ఒక మ్యూజియం ఉండాలనీ ఆమె అంటే పౌలు మొదట నవ్వాడు. తర్వాత ఆమెకన్నా ముందు నడిచాడు. జనగామ, దేవరుప్పుల, మహబూబాబాద్ తిరిగారు. బళ్లలో మాట్లాడారు, ఆఫీసుల ముందు పడిగాపులు కాశారు. ఎవరూ చెవిన పెట్టలేదు. శిబిరం వేసినా దాని నీడలో నిలబడి చాయ్ తాగి పోయేవాళ్లే తప్ప కూర్చున్నవాళ్లు లేరు.

వచ్చి బెదిరించినవాడు మాత్రం ఒకడున్నాడు. చెల్పూర్ దారిలో కంకర మిల్లు నడిపే రాజేందర్. పౌలు చేను పక్కన గుట్ట అతని లీజులో ఉంది.

“బొక్కలని, మ్యూజియమని నా గుట్ట బందు పెట్టిస్తే మంచిగుండది,” అన్నాడతను అంతకుముందు వారమే, చౌరస్తాలో అందరూ వింటుండగా.

దవాఖానలో డాక్టరు కన్ను దక్కదన్నాడు. పౌలు భార్య సత్తమ్మ గుండెలు బాదుకుంది. “వాని చేతులు ఇరిగిపోను! ఆ రాజేందర్ గాడే చేయించిండు!”

ఎస్సై మంచం పక్కన నిలబడ్డాడు. “ఎవరు పౌలూ? గుర్తుపట్టినవా?”

“రుమాళ్లు కట్టుకున్నరు సారు.”

“రాజేందర్ మనుషులేనా?”

“కాదు సారు. నాకు ఎవ్వల మీద అనుమానం లేదు.”

స్రవంతి వంగి అతని చెయ్యి పట్టుకుంది. “భయపడకన్నా. నేనున్న.”

“జర ఊకోండ్రి మేడం. గీ కేసు మనకొద్దు.” అతని గొంతు వణికింది.

ఆ వణుకు ఆమె రక్తాన్ని మరిగించింది.

పౌలును ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకుపోయారు. రక్తం కారుతున్న అతని ముఖం అందరి ఫోన్లలో తిరిగింది. భూపాలపల్లి సభకు జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చారు. స్రవంతి మైకు అందుకుంది.

“పేరు చెప్పటానికి పౌలన్న భయపడుతున్నడు. నేను చెప్తున్న. ఆ కన్ను తీసింది రాజేందర్! వాణ్ని వదులుదామా?”

“వదలొద్దు!”

సభ సభంతా చెల్పూర్ దారి పట్టింది. మిల్లులో టిప్పర్లు అంటుకున్నాయి. రాజేందర్‌ను గదిలోంచి లాగి, కంకర మీద ఈడ్చి, దొరికినదానితో దొరికినట్టు కొట్టారు. స్రవంతి జనాన్ని తోసుకుంటూ చేరేసరికి అతని ముఖం గుర్తుపట్టేలా లేదు. పాక్కుంటూ వచ్చి ఆమె కాళ్లు పట్టుకున్నాడు.

“బెదిరించింది నిజమే బిడ్డా. కొట్టియ్యలే. నా పిల్లల మీద ఒట్టు. ఆగుమని ఒక్క మాట చెప్పు.”

ఆమె చెబితే వాళ్లు ఆగేవాళ్లే. కానీ తన చున్నీ కింద చితికిన కన్ను ఆమెకు కనిపించింది. కాళ్లు విడిపించుకుని తిరిగింది. నాలుగడుగులు వేసిందో లేదో, వెనక పార దిగిన చప్పుడు వినిపించింది. ఆమె ఆగలేదు.

ఆ గొడవతో ప్రభుత్వం కదిలింది. రాష్ట్ర మ్యూజియాన్ని భూపాలపల్లిలోనే కడతామని ప్రకటించింది. ఆ మధ్యాహ్నమే స్రవంతి హైదరాబాద్ వెళ్లింది. పౌలు మంచానికి ఆనుకుని కూర్చున్నాడు. మనసు చెదరకూడదని సత్తమ్మ అతనికి ఊరి సంగతులేవీ చెప్పలేదు.

“అన్నా, మ్యూజియం వచ్చింది! మొదటి గదిలనే నీ చేను బొక్కలు పెడ్తరట!”

పౌలు మిగిలిన కంట్లో నీళ్లు తిరిగాయి. “నిజమా మేడం? ఇగ కన్ను పోతే పోయింది, పోనీ!” చిన్నపిల్లాడిలా నవ్వాడు.

“నీ కన్ను తీసినోడు కూడా పోయిండు.”

“ఎవరు?”

“రాజేందర్. మనోళ్లు కొట్టిండ్రు. దవాఖానల ఇయ్యాల పొద్దున ప్రాణం పోయింది.”

పౌలు నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. మంచం పట్టె పట్టుకుని లేవబోయి, లేవలేక కూలబడ్డాడు.

“వాణ్ని ఎందుకు కొట్టిండ్రు? వాడు కాదని పోలీసులకు చెప్పిన గదా!”

“భయపడి చెప్పినవు, నాకు తెల్వదా?”

“నాకేం భయం మేడం! పిల్లలుండె గదా వానికి...”

స్రవంతి అతని భుజం పట్టి కుదిపింది. “మరి నిన్ను కొట్టిచ్చింది ఎవరన్నా? చెప్పు!”

“ఎవ్వలూ సూస్తలేరని నేనే కొట్టిచ్చుకున్న, మేడం.”