ఎండకి కరువు

"ఎండ తగలట్లేదు పెద్దమ్మా ఈ పిల్లకి," అంది నర్సు జుహూరా, రక్తపరీక్ష కాగితం ముందుకి తోస్తూ.

న్యాంగి కాగితం వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూసింది. తారిమె ఊరంతా పెనం మీద పెట్టినట్టుంది. కుక్కలు లారీల కింద దూరి పడుకున్నాయి.

"మాకా? ఎండకి కరువా? నువ్వెక్కడ చదువుకున్నావు తల్లీ?"

"టాంగాలో."

"సముద్రం పక్కన. అదీ సంగతి."

పక్కన కూర్చున్న కోడలు వెగెసా నవ్వు ఆపుకుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. పెళ్ళయి రెండేళ్ళు. కడుపు రాలేదు. ఈ మొక్కజొన్న కోతకొచ్చేలోపు ఏ సంగతీ తేలకపోతే పిల్లని పుట్టింటికి పంపేయమని, న్యాంగి మరుదులు, పోయిన మొగుడి తమ్ముళ్ళు, మొన్న ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళారు. ముందు ఆ పిల్ల వండిన కోడికూర తిని, చేతులు కడుక్కుని, తర్వాత చెప్పారు.

జుహూరా కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "రక్తంలో డి విటమిన్ బాగా తక్కువుంది. ఎక్కువగా ఎండ నుంచే వస్తుంది అది. తక్కువున్న ఆడవాళ్ళకి గర్భం నిలవడం కష్టమవుతోందని అంటున్నారు. ఇదొక్కటే కారణమని ఒట్టేసి చెప్పలేను. సరిచేసుకుంటే మాత్రం అవకాశం పెరగొచ్చు. అమ్మాయ్, రోజూ ఎంతసేపు బయట ఉంటావు?"

"బయటా? నీళ్ళకి వెళ్ళనివ్వదు. చేలోకి వెళ్ళనివ్వదు. బట్టలారేస్తుంటే గొడుగు పట్టుకుని వెనకే నిలబడుతుంది. మా ఇంట్లో బల్లి నాకంటే ఎక్కువ ఊరు తిరిగింది."

"నోరు," అంది న్యాంగి.

"అబద్ధమా అత్తా?"

జుహూరా మొహం బిగుసుకుంది. "ఎందుకు పెద్దమ్మా, పారిపోతుందనా?"

"పారిపోవడమేంటి? నా కొడుకు మునికో పేరు మీద ఆవులిచ్చి తెచ్చుకున్న పిల్ల. ఎండలో వాడబెడతానా? ఎండలో పని చేస్తే కడుపు ఎండిపోతుంది."

"ఎవరు చెప్పారు?"

"అందరూ. పొద్దున్నించి సాయంత్రం దాకా పొగాకు చేలో వంగితే ఏదీ నిలవదు. నాకు తెలుసు."

"పూర్తిగా తలకిందులుగా తెలుసు మీకు," అంది జుహూరా. కొంచెం కటువుగానే అంది. "నీడలో పెట్టడం వల్లే ఈ లోటు."

న్యాంగి ఒళ్ళో ఉన్న సంచీ మూతి విప్పింది, మళ్ళీ కట్టింది.

"అయితే నేనే..." అని ఆగిపోయింది.

వెగెసా నవ్వు పోయింది. అత్త చేతి మీద చెయ్యి వేసింది. "పోనీలే అత్తా. రెండేళ్ళు కూర్చోబెట్టి తినిపించావు. మా అమ్మ కూడా అంత చెయ్యలేదు."

జుహూరా కాస్త మెత్తబడింది. వారానికో మాత్ర రాసింది. రోజూ పదింటికి చేతులకీ కాళ్ళకీ ఎండ తగిలేలా పావుగంట కూర్చోమంది. సరస్సు చేపలు, కోడిగుడ్లు తినమంది.

"గుడ్లా? కడుపు కావాల్సిన పిల్లకి గుడ్లా?"

"అది కూడా ఎవరో చెప్పారా?"

"అందరూ," అంది న్యాంగి. ఈసారి గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"ఇంకోటి. ఈమె మొగుణ్ణి కూడా పరీక్షకి తీసుకురండి. సగం లోపాలు అటువైపే ఉంటాయి."

వెగెసా కాలి వేళ్ళు చూసుకుంది.

"అటువైపు లోటేం లేదు," అంది న్యాంగి. "వేరే ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఆఖరివాడికి ఇప్పుడిప్పుడే పళ్ళొస్తున్నాయి."

ఓహో, ఇంకో పెళ్ళాం కూడానా, అనుకుంది జుహూరా. ఈ ఊరికి బదిలీ అయి వచ్చి నాలుగు నెలలే. అప్పుడే అలవాటైపోయింది ఇలాంటివి వినడం.

"అయినా ఒక్కసారి ఆస్పత్రి గుమ్మం తొక్కితే ఏం పోయింది ఆయనగారికి? వచ్చిన మూడుసార్లూ అత్తాకోడళ్ళే వచ్చారు. ఆ మనిషి మొహమే చూడలేదు నేను."

"నేనూ చూడలేదు," గొణిగింది వెగెసా.

న్యాంగి మోచేత్తో పొడిచింది.

జుహూరాకి ఒళ్ళు మండింది. "పిల్లల్ని కనే బరువంతా ఇద్దరు ఆడవాళ్ళ నెత్తిన పెట్టి కూర్చున్నాడు. ఏం కొడుకమ్మా నీ కొడుకు?"

"మంచివాడు," అంది న్యాంగి. "ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు."

"తల్లులందరికీ అలాగే కనిపిస్తారు."

మాత్రలు ఇవ్వాలంటే కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించాలి. కొత్తగా పెట్టారు దాన్ని. ఎర్రచుక్క ఉన్న గడి ఒక్కటి ఖాళీగా ఉన్నా మొండికేస్తుంది, ముందుకి కదలదు. జుహూరా ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చింది. పేరు, ఊరు, బరువు.

"భర్త పేరు?"

"మునికో," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"వయసు?"

వెగెసా అత్త వైపు తిరిగింది. "అది నువ్వే చెప్పాలి."

న్యాంగి వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి మొదలైంది. బయట వరసలో ఎవరో దగ్గారు.

"కన్నకొడుకు వయసు చెప్పడానికి ఇంతసేపా పెద్దమ్మా?"

"కనలేదమ్మా, నాకసలు ఒక్క కడుపూ నిలవలేదు. కొడుకు లేని ఆడది పుట్టని కొడుకు పేరు మీద కోడల్ని తెచ్చుకోవడం మా ఆచారం, పిల్లల కోసం వచ్చే మగాడు వేరే," అంది న్యాంగి, వేళ్ళు మడుస్తూనే, "వాడు పుట్టుంటే ఈపాటికి ముప్పై రెండు, అదే రాసుకో."