ముసలితనం ఫండు

"కూసో యాకయ్యా. ఇగ నువ్వు హమాలివి కాదు, మిల్లుకు ఓనర్‌వి!" కిషన్ రావు సేటు కుర్చీ జరిపాడు.

పంతొమ్మిది వందల డెబ్బై రెండు నుంచి పదేళ్లుగా కేసముద్రం మార్కెట్ హమాలీలు బస్తాకు రెండు పైసల చొప్పున కూడబెట్టుకున్న ముసలితనం ఫండు బ్యాంకులో ఉంది. సేటు పెట్టబోయే రైస్ మిల్లులోకి అదంతా వాటాగా పోవాలంటే సంఘం పెద్ద యాకయ్య వేలిముద్ర వేస్తే చాలు.

"బ్యాంకుల పైసలు పండుకుంటయి. మిల్లుల ఉరుకుతయి. గట్లయితెనే దేశం ముంగటవడ్తది."

దేశాన్ని తనే భుజానికెత్తుకున్నట్టు యాకయ్య ఉబ్బిపోయాడు. కాలు మీద కాలేసుకున్నాడు.

"కొత్త మిషన్లేమన్న తెస్తున్నవా సేటూ?"

"బొంబాయి నుంచి బెల్టు. బస్తాలను అదే లారీలకెక్కిస్తది."

"మరి హమాలీ ఖర్చు?"

"ఒక్క పైస ఉండది."

"శబాష్! మస్తు మిగుల్తది గద మనకు!" యాకయ్య తొడ చరిచాడు.

గుమ్మంలో రాలిన వడ్లు ఊడుస్తున్న సమ్మమ్మ చీపురు ఆపింది. "ఎవలకియ్యక మిగుల్తదన్నా?"

యాకయ్య కాలు కిందికి దిగింది. ఇంతసేపూ ఓనరు యాకయ్య, హమాలీ యాకయ్యను పనిలోంచి తీసేసి పండుగ చేసుకుంటున్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. తన నోటితోనే, నవ్వుకుంటూ.

సేటు ఇంకు డబ్బా ముందుకు తోశాడు. "జర జల్ది."

"వద్దు సేటూ," యాకయ్య తన రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. "గీ ఓనర్ మంచోడు కాదు. వీని చేతికి మావోళ్ల పైసలియ్య."