ఏ సీసాలో ఉన్నట్టు?

“స్పిరిట్‌తో తుడిచావా? సీసాల మీద పెన్నుతో రాసినవి చెరిగిపోవూ!” ల్యాబులో మేడమ్ కసిరింది.

పరిశోధక విద్యార్థిని పేర్లు చెరిగిన రెండు సీసాలూ చేతిలోకి తీసుకుంది. ఒక సీసాలో, నీళ్ళలో కరగని కేన్సర్ మందును కడుపులో దాచుకోవాల్సిన పాలిమర్ నలుసులున్నాయి. రెండోదాంట్లో ఉత్త నలుసులే. పక్కగదిలో ఎలుకలకు సూదులు సిద్ధంగా ఉన్నాయి.

“ఏది ఏదో తెలియట్లేదు మేడమ్. రెండూ మంచినీళ్ళలాగే ఉన్నాయి.”

మేడమ్ సీసాలు లాక్కుని, వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. ఉన్నట్టుండి ఆగింది.

“ఇన్నాళ్ళూ ఎలా పోల్చుకున్నావే?”

“పేరు చూసే పనేముండేదండీ! ప్రతిసారీ మందు నలుసుల్లో ఇమడక, అడుగున మడ్డి…”

మాట సగంలోనే ఆగిపోయింది. అమ్మాయి వంగి ఒక సీసా అడుగు చూసింది, రెండోదీ చూసింది. మడ్డి ఎందులోనూ లేదు.

“ఇమిడింది మేడమ్!” అంది, ఏ సీసాలోనో ఇంకా తెలియకుండానే.